పూర్తయిన చిన్న ఆట: సీఎస్ఈ చదివి గేమ్ డిజైన్‌లోకి వెళ్ళాలనుకునే వాళ్ళకు

(అనంతపురంలో ఇంజనీరింగ్ మూడు, నాలుగు సంవత్సరాల విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో కొన్ని ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి.

మీరు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలు చదివాను. ఎక్కువ చీటీల్లో ఉన్నది ఒకటే. "సీఎస్ఈ పూర్తవుతోంది. గేమ్ డిజైనర్ ఉద్యోగం రావాలంటే ఏ కోర్సు చేయాలి?" నా జవాబు మొదటే చెప్పేస్తాను. కోర్సు కంటే ముందు మీకు కావాల్సింది ఒక చిన్న ఆట. మీరు మొదలుపెట్టి, మీరే ముగించి, మీకు పరిచయం లేనివాళ్ళ చేత ఆడించిన ఆట. అందులో ఏది ఎందుకు అలా పెట్టారో, ఆడించాక ఏది ఎందుకు మార్చారో మీరు చెప్పగలగాలి. ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో బల్లకు ఇవతలి వైపు కూర్చుని నేను చూసినంతలో, మనిషిని నిలబెట్టింది అదే. మార్కులు, సర్టిఫికెట్లు ఆ తర్వాతే.

ముందు డిజైనర్ అంటే ఎవరో తేల్చుకుందాం, ఎందుకంటే చీటీల్లో చాలామంది బొమ్మలు గీయడాన్ని, కోడ్ రాయడాన్ని, డిజైన్‌ను ఒకే ఉద్యోగంగా రాశారు. ఆట తయారీలో బొమ్మలు గీసేవాళ్ళుంటారు, వాటిని కదిలించే యానిమేటర్లుంటారు, శబ్దం చేసేవాళ్ళు, ప్రోగ్రామర్లు, తప్పులు పట్టే టెస్టర్లు, అందరి పనినీ ఒక దారిలో నడిపించే ప్రొడ్యూసర్లు ఉంటారు. ఆడేవాడు ఏం చేయగలడు, ఏం చేయకూడదు, గెలిస్తే ఏం వస్తుంది, ఓడితే ఏం పోతుంది, కష్టం ఎక్కడ పెంచాలి, ఎక్కడ కాస్త ఊపిరి తీసుకోనివ్వాలి, ఇవన్నీ నిర్ణయించే మనిషి డిజైనర్.

పులి మేక ఆట ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. పర్లేదు, చాలామందికే తెలుసు. తెలియని వాళ్ళు సెలవులకు ఊరెళ్ళినప్పుడు తాతనడగండి. రచ్చకట్ట మీద బొగ్గుతోనో సుద్దతోనో గీసుకుని ఆడేవాళ్ళు. పాత గుళ్ళ మండపాల్లో రాతి నేల మీద చెక్కిన గళ్ళు కూడా చూసుంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలవాడు ఒక్కో ఎత్తుకు ఒక్కో మేకను గీతలు కలిసేచోట పెడుతూ పోతాడు. పదిహేనూ పెట్టేదాకా ఏ మేకనూ కదపకూడదు. పులి పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక పోయినట్టే. మూడు పులులనూ కదల్లేకుండా కట్టేస్తే మేకలవాడిది గెలుపు.

ఈ ఆటలో డిజైన్ ఎక్కడుంది? పులి బొమ్మ ఎంత అందంగా ఉందన్నదాంట్లో లేదు. చింతగింజలూ రాళ్ళూ పెట్టి ఆడినా ఆట అదే. ఒకవైపు బలం, ఒకవైపు సంఖ్య. రెండు వైపులవాళ్ళకూ నియమాలు వేరు, గెలిచే పద్ధతి వేరు, అయినా ఆట ఒకరి వైపే ఒరిగిపోకుండా నిలబడింది. మేకలు పదిహేనే ఎందుకు? పదమూడైతే ఏమవుతుంది? అన్నీ పెట్టేదాకా కదపకూడదన్న నియమం తీసేస్తే పులులకు అసలు ఆకలి తీరుతుందా? ఈ ప్రశ్నలు అడిగేవాడు డిజైనర్.

ఇక్కడే మీకు మిగతావాళ్ళకు లేని బలం ఉంది. ఆర్ట్ కాలేజీ నుంచి వచ్చిన డిజైనర్ ఈ ప్రశ్నకు ఊహతో జవాబు చెప్పాలి, లేదా ఒక ప్రోగ్రామర్ ఖాళీ అయ్యేదాకా ఆగాలి. మీరు ఆగక్కర్లేదు. ఎదుటివాడు తనకు మంచి ఎత్తే వేస్తాడనుకుని మన ఎత్తు ఎంచుకునే పద్ధతి, మినీమ్యాక్స్, ఏఐ పేపర్లో చదివిందే కదా? పులికి ఒక బాట్, మేకకు ఒక బాట్, అంటే తనంతట తనే ఆడే ప్రోగ్రాములు రాయండి. మేకల సంఖ్యను పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా మారుస్తూ, ప్రతి సంఖ్యకూ వెయ్యి ఆటలు ఆడించండి. ఎవరు ఎన్ని గెలిచారో గ్రాఫ్ గీయండి. ఆ తర్వాత అదే ఆటను హాస్టల్లో మనుషుల చేత ఆడించి చూడండి. బాట్ల లెక్కా మనుషుల లెక్కా కలవదు. మనిషికి మేకను బలివ్వడం ఇష్టముండదు, బాట్‌కు ఆ బాధ లేదు. మనిషి ఒక మూలనే చూస్తూ రెండో మూల మర్చిపోతాడు. ఆ తేడాలు గమనించి రెండు పేజీలు రాస్తే, చిన్న స్టూడియో ఏదైనా కూర్చుని చదువుతుంది. ఇంతవరకూ ఒక్క బొమ్మ గీయలేదు, ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు చూడండి.

ఇంకొకటి కాస్త దగ్గరగా చూపిస్తాను. మారియో లాంటి ఎగిరే ఆటలు అందరూ ఆడుంటారు. బొమ్మ గట్టు చివరిదాకా పరుగెత్తింది, మీరు జంప్ నొక్కారు. కాలు నేల మీద ఉంటేనే ఎగరాలని కోడ్‌లో ఉంది. మీరు నొక్కేసరికి కాలు గట్టు దాటి రెండు ఫ్రేములైంది. ఫ్రేమంటే తెర మీద బొమ్మ ఒక్కసారి మారడం. సెకనుకు 60 ఫ్రేములనుకుంటే అది సెకనులో ముప్పయ్యో వంతు. మీ కంటికి బొమ్మ ఇంకా గట్టు మీదే ఉంది, కోడ్ మాత్రం ఒప్పుకోదు. బొమ్మ గుంటలో పడుతుంది. "నొక్కాను కదా!" అని మీకు ఒళ్ళు మండుతుంది, ఆట పక్కన పడేస్తారు. అందుకని గట్టు దాటిన తర్వాత కూడా ఐదారు ఫ్రేముల దాకా జంప్‌ను ఒప్పుకునేలా చేస్తారు. దీన్ని కొయోటీ టైమ్ అంటారు. అలాగే కాలు నేలకు ఆనక ముందే కొంచెం తొందరపడి నొక్కితే, ఆ నొక్కుడును గుర్తుపెట్టుకుని కాలు ఆనగానే ఎగరేస్తారు. అది జంప్ బఫర్. 2018లో వచ్చిన సెలెస్ట్ ఎంత కష్టమైన ఆటో ఆడినవాళ్ళకు తెలుసు. అంత కష్టంలోనూ చేతికి మోసపోయినట్టు అనిపించకపోవడానికి ఇలాంటి సర్దుబాట్లే కారణం. అన్నట్టు ఆ ఆట మొదటి రూపం ఇద్దరు కలిసి నాలుగు రోజుల్లో చేసిన బుల్లి ఆట.

కోడ్‌గా చూస్తే ఇది ఒక టైమర్, ఒక ఇఫ్, అంటే 'ఇలా ఉంటే ఇలా చెయ్యి' అనే షరతు. మీలో ఎవరైనా ఐదు నిమిషాల్లో రాసేస్తారు. కానీ ఆ ఇఫ్ అవసరమని తెలియాలంటే ఆడేవాడి పక్కన కూర్చుని అతని మొహం చూడాలి. చూసిన దాన్ని వెంటనే కోడ్‌లో పెట్టి, మళ్ళీ ఆడించగలగాలి. రెండూ ఒకే మనిషికి వస్తే ఆ మనిషిని టెక్నికల్ డిజైనర్ అంటారు. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ళకు డిజైన్‌లోకి ఇంతకంటే దగ్గర దారి నాకు కనిపించలేదు.

కోడ్ రాసేవాళ్ళు డిజైన్‌లోకి రావడం కొత్తేమీ కాదు. టెట్రిస్ 1984లో మాస్కోలో పుట్టింది. దాన్ని చేసిన అలెక్సీ పజిట్నోవ్ సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసే ప్రోగ్రామర్. విల్ రైట్ హెలికాప్టర్‌తో బాంబులేసే ఒక ఆట చేస్తూ, దాని కోసం ఊళ్ళూ దీవులూ కట్టుకునే టూల్ ఒకటి రాసుకున్నాడు. బాంబులేయడం కంటే ఊళ్ళు కట్టడమే తనకు బాగుందని గమనించాడు. అక్కడి నుంచి 1989లో సిమ్‌సిటీ వచ్చింది.

ఎరిక్ బరోన్ కథ మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. 2011లో అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నాడు, ఉద్యోగం దొరకలేదు. ప్రోగ్రామింగ్‌లో చెయ్యి తిరగాలని ఒక పొలం ఆట మొదలుపెట్టాడు. కోడ్, బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ తనే. నాలుగేళ్ళకు పైగా పట్టింది. 2016 ఫిబ్రవరిలో వచ్చిన ఆ స్టార్‌డ్యూ వ్యాలీ ఈనాటికి 4 కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది. ఈ కథ చెప్పి ఊరుకుంటే మీకు అన్యాయం చేసినట్టవుతుంది. ఆ నాలుగేళ్ళూ అతను థియేటర్‌లో టికెట్లు చూసి సీట్లు చూపించే పార్ట్‌టైమ్ పని చేశాడు, తోడున్న అమ్మాయి సంపాదన ఇంటిని నిలబెట్టింది. అలా నాలుగేళ్ళు చేసి ఎవరికీ తెలియకుండా పోయిన ఆటలు వేలల్లో ఉంటాయి. ఆయన దగ్గర మీరు తీసుకోవాల్సింది నాలుగేళ్ళు ఒక్కడే కూర్చోవడం కాదు. ఉద్యోగం రాని రోజుల్లో చేతి పని ఆపకపోవడం తీసుకోండి.

మీ సిలబస్ గురించి ఒక మాట. "మాకు కాలేజీలో గేమ్స్ గురించి ఏమీ చెప్పలేదు సార్" అని ఒకరు రాశారు. చెప్పారు, ఆ పేరుతో చెప్పలేదంతే. ఆటోమాటా పేపర్లో స్టేట్ మెషీన్లు గీశారు కదా? ఆటలో కాపలావాడు తిరుగుతూ ఉంటాడు, నిన్ను చూస్తే వెంటపడతాడు, అందితే కొడతాడు, కనిపించకపోతే కాసేపు వెతికి మళ్ళీ తిరగడానికి వెళ్తాడు. నాలుగు స్టేట్లు, నాలుగైదు బాణాలు. కాపలావాడికి నువ్వు ఎదురుగా ఉన్నావా, వీపు వెనక ఉన్నావా అన్నది ఒక డాట్ ప్రొడక్ట్, రెండు దిశలను పోల్చే చిన్న లెక్క. ప్లస్ వస్తే ముందు, మైనస్ వస్తే వెనక. గోడలు తప్పించుకుని నీ దగ్గరికి రావడం గ్రాఫ్ సెర్చ్, అందులో దగ్గర దారి వెతికే ఏ స్టార్ పద్ధతి. జావా వచ్చినవాడికి ఆటల్లో వాడే సీ షార్ప్ భాష ఒక వారంలో అలవాటవుతుంది. పరీక్ష కోసం చదివి వదిలేసిన వాటిని ఒక ఆటలో పెట్టి చూడండి, అవే లెక్కలు కళ్ళ ముందు కదులుతాయి.

ఇప్పుడు ఉద్యోగాలు ఎక్కడున్నాయో చూద్దాం. గేమ్ కంపెనీలు మన ఊరి క్యాంపస్‌లకు సాధారణంగా రావు. ఆ ఆశ పెట్టుకోకండి. కానీ మనకు బెంగళూరు దగ్గర. హైదరాబాద్ కంటే చాలా దగ్గర, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇంటర్వ్యూలో కూర్చోవచ్చు. 1997లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ బెంగళూరుదే, మన దేశంలో తొలితరం గేమ్ స్టూడియో. 2019లో దాన్ని జీటీఏ ఆటలు చేసే రాక్‌స్టార్ కొనుక్కుంది. జింగా కూడా బెంగళూరులో ఉంది. ఈఏ, అంటే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో, యూబీసాఫ్ట్‌కు పుణే, ముంబైలలో స్టూడియోలున్నాయి. ఇవి పెద్దవి, ఫ్రెషర్‌కు తలుపు సన్నగా ఉంటుంది. చిన్న స్టూడియోల మీద కూడా కన్నేయండి. 2017లో అసుర చేసిన ఓగర్ హెడ్ స్టూడియో హైదరాబాద్‌ది. 2020లో వచ్చిన రాజీ పుణేలోని నాడింగ్ హెడ్స్ చేసింది. చిన్న జట్టులో ఒక్కరే మూడు పనులు చేయాల్సి వస్తుంది. మొదటి ఉద్యోగానికి అంతకంటే మంచి బడి లేదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. రమ్మీ, పోకర్, ఫాంటసీ క్రికెట్, ఇలా డబ్బు పెట్టి ఆడే యాప్‌ల కంపెనీలు కొన్నేళ్ళ పాటు మంచి జీతాలిచ్చి మన పిల్లల్ని తీసుకున్నాయి. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపేసింది. ఆ కంపెనీల్లో పెద్ద ఎత్తున ఉద్యోగాలు పోయాయి. ఆ చట్టమే ఈ-స్పోర్ట్స్‌నూ, డబ్బు ప్రమేయం లేని మామూలు ఆటలనూ ప్రోత్సహించాలంటోంది. కాబట్టి "గేమింగ్ కంపెనీ" అని ఎవరైనా పిలిస్తే, వాళ్ళ ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో ముందు అడగండి. అప్పులపాలై కుటుంబాలు చితికిపోయిన ఊళ్ళ నుంచి వచ్చాం మనం. చట్టం రాకపోయినా ఆ పని చేయొద్దనే చెప్పేవాణ్ణి.

ఇంకో నిజం. 2023, 2024లో ప్రపంచమంతటా గేమ్ కంపెనీలు వేల మందిని తీసేశాయి. అనుభవం ఉన్నవాళ్ళే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. "గేమ్ డిజైనర్, ఫ్రెషర్" అనే ప్రకటన చాలా అరుదు. అందుకే నా సలహా, ప్రోగ్రామర్ తలుపు లోంచి వెళ్ళండి. గేమ్‌ప్లే ప్రోగ్రామర్, టూల్స్ ప్రోగ్రామర్, యూనిటీ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) డెవలపర్, టెస్టర్, ఏ పేరుతోనైనా సరే. మొబైల్ గేమ్ కంపెనీల్లో డేటా అనలిస్టులకూ చోటుంది. మొదటిరోజు ఆడినవాళ్ళలో ఎంతమంది మర్నాడు మళ్ళీ వచ్చారు, ఏడో రోజు ఎంతమంది మిగిలారు, ఏ లెవెల్ దగ్గర వదిలేశారు, ఇవి రోజూ చూసే పని. ఎకానమీ డిజైనర్ పనికి అది పక్కింటి గుమ్మమే. నాణేలు ఎంత వేగంగా వస్తాయి, ఎంత వేగంగా ఖర్చవుతాయి అన్నది ఎక్సెల్ షీట్‌లో తేల్చే ఉద్యోగం అది. లోపలికి వెళ్ళాక డిజైనర్లతో కూర్చోండి. వాళ్ళు చెప్పింది కోడ్ చేసి ఇచ్చేటప్పుడు "ఇంకో రకంగా కూడా చేసి చూశాను, రెండూ ఆడి చూడండి" అని ఇవ్వండి. అలా ఒకటి రెండేళ్ళలో మారినవాళ్ళను చూశాను.

ఇక మీ చేతిలో ఇవాళే ఉన్న అవకాశం, ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్. ఎంతమంది ప్రాజెక్ట్‌ను షాపులో కొంటున్నారో చెయ్యెత్తమని అడగను. కానీ నా మనసులో మాట చెప్తాను. నాలుగేళ్ళ చదువులో మీ పేరు మీద ఒక వస్తువు తయారుచేయడానికి కాలేజీ మీకిచ్చిన సమయం అదొక్కటే. దాన్ని డబ్బిచ్చి ఎవరో రాసిన అటెండెన్స్ సిస్టమ్‌తో నింపేస్తే నాకు బాధేస్తుంది. నలుగురు జట్టు, ఒక గైడ్, కొన్ని నెలలు. ఒక స్టూడియోలో ఆట తయారయ్యేది కూడా ఇలాగే. హెచ్‌ఓడీ ఒప్పుకోరని భయమా? "పులి మేక ఆటలో గేమ్ ట్రీ సెర్చ్ ద్వారా సమతూకం పరిశీలన" అని పేరు పెట్టి ఇవ్వండి, ఏ గైడ్ కాదంటారో చూద్దాం. పేరు గంభీరంగా ఉంది కదా అని కాదు, నిజంగానే అది కంప్యూటర్ సైన్స్.

ఏ ఆట చేయాలి? ఇక్కడే మీకు తెలిసిన దాన్ని వాడండి. అందరూ చేసే జాంబీలు, కార్ రేసులు రివ్యూ చేసేవాళ్ళు రోజుకు చాలా చూస్తారు. మన జిల్లాలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ప్రతి ఊళ్ళో బోరు కథ ఒకటుంది. రైతు దగ్గర ఒక్క బోరుకు సరిపడా డబ్బుంది. ఎక్కడ వేయాలి? నీళ్ళు చూసేవాడు కొబ్బరికాయ పట్టుకుని చేను మూలన నిలబడ్డాడు, జియాలజిస్ట్ ఇంకో మూల చూపించాడు, పక్క చేనులో నీళ్ళు పడింది మూడో వైపు. బండి వచ్చింది. అడుగుకింత చొప్పున లెక్క మొదలైంది. మూడు వందల అడుగుల దగ్గర దుమ్ము, నాలుగు వందల దగ్గర తడి మట్టి. ఆపాలా, ఇంకో వంద అడుగులు పోవాలా? పోతే విత్తనాలకు పెట్టుకున్న డబ్బు పోతుంది. ఆపితే ఇప్పటిదాకా పెట్టింది పోతుంది.

దీన్ని ఆటగా ఆలోచించండి. ఆడేవాడికి ఒకే ఒక్క బటన్ చాలు, "ఇంకో యాభై అడుగులు". తెర మీద మట్టి రంగు మారుతుంది, జేబులో డబ్బు తగ్గుతుంది. తడి మట్టి గుర్తు నిజమయ్యే అవకాశం ఎంత ఉండాలి? మరీ నిజం చెబితే ఆలోచించడానికి ఏమీ మిగలదు. మరీ అబద్ధం చెబితే లాటరీ అవుతుంది, ఆడేవాడు ఆలోచించడం మానేస్తాడు. మధ్యలో ఎక్కడో ఉంది, అది మీరు ఆడించి కనుక్కోవాలి. పక్క రైతు బోరు వేస్తే నీ నీళ్ళు తగ్గే నియమం పెడితే ఆట ఇంకో మలుపు తిరుగుతుంది. ఇద్దరు ఆడొచ్చు. రెండు వారాల్లో తయారయ్యే ఆట ఇది. న్యూయార్క్‌లో కూర్చున్న డిజైనర్‌కు ఈ ఆట తట్టదు, మీకు తడుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎండిన బోరు వెనక అప్పు ఉంటుంది, ఇంట్లో కన్నీళ్ళుంటాయి. దాన్ని సరదా చప్పుళ్ళతో జాక్‌పాట్ మిషన్‌లా చేయొద్దు. ఆడినవాడికి ఆ రైతు తలనొప్పి కాస్త అర్థమవ్వాలి.

టూల్స్ గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీరు దీని మీద అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఇంజిన్ అంటారు. లాప్‌టాప్ పాతదైతే గోడో అనే ఇంజిన్ వాడండి. ఉచితం, ఓపెన్ సోర్స్, చిన్న డౌన్‌లోడ్, 4 జీబీ ర్యామ్‌లో 2డీ ఆట హాయిగా చేయొచ్చు. మొబైల్ కంపెనీల్లో ఉద్యోగం కావాలంటే యూనిటీ, సీ షార్ప్. పెద్ద స్టూడియో కావాలంటే అన్‌రియల్, సీ ప్లస్ ప్లస్, దానికి మంచి మిషన్ కావాలి. ఒకటి పట్టుకుని ఏడాది పాటు మార్చకండి.

పూర్తి చేయడం అలవాటు కావాలంటే గేమ్ జామ్‌లలో పాల్గొనండి. ఒక అంశం ఇస్తారు, రెండు మూడు రోజుల్లో ఆట చేసి పెట్టాలి. లుడమ్ డేర్ 2002 నుంచి, గ్లోబల్ గేమ్ జామ్ 2009 నుంచి జరుగుతున్నాయి. ఫీజు లేకుండా ఇంటి నుంచే చేరగలిగే జామ్‌లు ఏడాది పొడవునా ఉంటాయి. రెండు రోజుల్లో ఏం చేయలేమో తెలుస్తుంది, అదే అసలు లాభం.

ఆట తయారయ్యాక, ఎవరైనా తమ ఆటలు పెట్టుకోగల ఇచ్.ఐఓ అనే సైట్‌లో బ్రౌజర్లోనే ఆడేలా పెట్టండి. ఎవరో తెలియని మనిషి పంపిన ఏపీకేను (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్‌ను) ఏ హెచ్ఆర్ కూడా తన ఫోన్లో వేసుకోరు. లింక్ నొక్కితే పది సెకన్లలో ఆట మొదలవ్వాలి. కింద ముప్పై సెకన్ల వీడియో, జట్టులో మీరు చేసిందేమిటో రెండు వాక్యాలు, ఆడించాక మార్చినవి ఐదారు వాక్యాలు. ఇంగ్లిష్ అంటే భయపడే తెలుగు మీడియం పిల్లలకు చెప్తున్నాను. చిన్న చిన్న వాక్యాలు చాలు. "మొదటి రూపంలో ఎనిమిది మందిలో ఆరుగురు తలుపు గమనించలేదు. తలుపు దగ్గర దీపం పెట్టాను. తర్వాత ఆడిన ఆరుగురిలో ఐదుగురు గమనించారు." ఇంత ఇంగ్లిష్ మీకు వచ్చు. గొప్ప మాటలతో నింపిన నలభై పేజీల డిజైన్ డాక్యుమెంట్‌ను ఎవరూ చదవరు.

ఆడించేటప్పుడు ఒకే నియమం. నోరు మెదపకండి. రూమ్మేట్ చేతికి ఫోన్ ఇచ్చి "ఇక్కడ నొక్కు, అక్కడ ఎగురు" అని చెప్పడం మొదలుపెడితే ఆ పరీక్ష అక్కడితో చెడిపోయింది. రేపు ఆడేవాడి పక్కన మీరుండరు. వేలు ఎక్కడ ఆగింది, ఏ బటన్ నొక్కబోయి వెనక్కి తీశాడు, ఎక్కడ నిట్టూర్చాడు, ఎక్కడ ఇంకోసారి అన్నాడు, ఇవి నోట్‌బుక్‌లో రాసుకోండి. "ఎలా ఉంది?" అని అడిగితే స్నేహితుడు బాగుందనే అంటాడు. "నీకు ఏం అర్థమైంది, ఆట నియమాలు నాకు చెప్పు" అని అడగండి. అతను చెప్పే నియమాలకూ మీరు పెట్టినవాటికీ మధ్య ఎంత దూరం ఉందో అంత పని మీకు మిగిలింది. అమ్మ చేత కూడా ఆడించండి, నిజంగా చెప్తున్నాను.

ఇక కోర్సులు. లక్షల ఫీజు అడిగే సంస్థలున్నాయి. అన్నీ చెడ్డవనను. చేరే ముందు ఒకటే అడగండి, "గత రెండేళ్ళ విద్యార్థులు చేసిన ఆటలు చూపించండి, ఆడి చూస్తాను." చూపించకపోతే లేచి వచ్చేయండి. ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు డబ్బు కట్టండి అంటే ఇంకా తొందరగా లేచి వచ్చేయండి. డిజైన్‌ను నిజంగా చదువుకోవాలనుంటే ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో) డిజిటల్ గేమ్ డిజైన్‌లో మాస్టర్స్ ఉంది, దానికి డాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఐఐటీల్లో ఎం.డెస్‌కు, అంటే డిజైన్‌లో మాస్టర్స్‌కు, సీడ్ పరీక్ష ఉంది. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు ఇవి రాయొచ్చు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: సార్, సర్వీస్ కంపెనీలో క్యాంపస్ ఆఫర్ వచ్చింది. ఇంట్లో చేరమంటున్నారు. వదులుకోవాలా?

వద్దమ్మా, చేరు. చదువుకు చేసిన అప్పు ఇంట్లో ఉంటే ముందు ఆ వడ్డీ ఆగాలి. జీతం వస్తున్నప్పుడు ఆట చేస్తే భయం లేకుండా చేస్తావు. శనివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నీ ఆట సమయమని గీత గీసుకో, ఆ గీత దాటనివ్వకు. చేరేముందు బాండ్ ఉందా, ఎన్నేళ్ళు అన్నది కాగితం మీద చదువు. ఏడాదికి రెండు చిన్న ఆటలు పూర్తిచేసినా, రెండేళ్ళకు నీ దగ్గర నాలుగు ఆటలూ రెండేళ్ళ కోడింగ్ అనుభవమూ ఉంటాయి. అప్పుడు అప్లై చేస్తే చూసే చూపే వేరు. నాన్నగారికి "గేమ్స్ ఆడుకుంటా" అన్నట్టు వినిపించకుండా చెప్పు. నువ్వు చేసిన ఆట ఆయన ఫోన్లోనే పెట్టి చూపించు.

ప్రశ్న: ఏఐ కోడ్ రాసేస్తోంది కదా సార్, ఇక ప్రోగ్రామర్ తలుపు ఉంటుందా?

తలుపు ఇరుకైంది, అది నిజం. పదేళ్ళ కిందట ఒక ఫ్రెషర్‌కు ఇచ్చిన చిన్న పనులు ఇప్పుడు టూల్స్ చేసేస్తున్నాయి. మీరు కూడా వాడండి, తప్పు లేదు. కానీ ఇంటర్వ్యూలో నేను అడిగేది ఈ కోడ్ ఎవరు రాశారని కాదు. గట్టు దాటాక జంప్‌ను ఒప్పుకునే సమయం లాంటిదాన్ని చూపించి, ఈ విలువ 0.1 ఎందుకు, 0.3 పెడితే ఏమవుతుంది, పెట్టి చూశావా అని అడుగుతాను. ఆడించి చూసినవాడికి జవాబు నోటి చివరే ఉంటుంది. చూడనివాడు ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతాడు.

ప్రశ్న: నాకు బొమ్మలు గీయడం అస్సలు రాదు.

చదరాలు, గుండ్రాలతో చేయి. టెట్రిస్‌లో ఉన్నవి చదరాలే. ఉచితంగా వాడుకోనిచ్చే బొమ్మలు కూడా నెట్‌లో బోలెడున్నాయి, లైసెన్స్ చదివి, గీసినవాళ్ళ పేరు రాసి వాడుకో. ఊళ్ళో బాగా గీసే పిల్లలుంటారు, ఫైన్ ఆర్ట్స్ చదివేవాళ్ళుంటారు, వాళ్ళను జట్టులో కలుపుకో.

ప్రశ్న: సార్, నేను ఒక ఆట మొదలుపెట్టి ఏడు నెలలైంది. ముప్పై లెవెల్స్ అనుకున్నాను, పదకొండు అయ్యాయి. పూర్తవడం లేదు.

పదకొండింటిలో నీకు బాగా నచ్చినవి ఐదు ఉంచు. మిగతావి వేరే ఫోల్డర్లో పెట్టెయ్, డిలీట్ చేయొద్దు. మొదలుపెట్టే తెర, ఓడితే మళ్ళీ ఆడించే బటన్, చివర నీ పేరు, ఈ మూడూ ఉన్నాయా? బటన్ లేదా? అది ఈ రాత్రికి పెట్టు. ఐదు లెవెల్స్ వరసలో రెండోది మొదటిదాని కంటే తేలికగా ఉందేమో చూడు, చాలా ఆటల్లో అలాగే ఉంటుంది, ఎందుకంటే మొదటిది చేసేటప్పటికి నీకే చెయ్యి కుదరలేదు. వచ్చే ఆదివారం లింక్ పెట్టు. ఇప్పుడు ఫోన్లో ఉందా? ఇలా ఇవ్వు నాన్నా, నువ్వేం చెప్పకు, నేను ఆడి చూస్తాను.